వంటింటి ముచ్చట్లు: పిజ్జా క్రింద ఏమి పెట్టాలి?



ఈ నెల ఒక చెల్లెలు వ్రాసిన ఉత్తరంతో మొదలుపెడతాను. ఆమె పల్లెటూరిలో ఉంటుంది. పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు ఒక కరెంటు ఓవెన్ కొని పంపాడట. ఆమె మాటల్లోనే వినండి: "అక్కా, సెలవులకు మనవలు వచ్చి పిజ్జా చేయమని పట్టుబట్టారు. చెప్పిన కొలతలన్నీ వేసి చేశాను. పైన చీజ్ కరిగి మాడు పట్టింది. క్రింద పిండి మాత్రం పచ్చిగానే ఉండిపోయింది. పిల్లలు పైపైన గీకి తిని అడుగంతా వదిలేశారు. ఓవెన్ బాగాలేదంటావా? పిజ్జా రాయి కొనమని ఒకరు, ఇనుప పలక కొనమని మరొకరు చెబుతున్నారు. ఆ వెల వింటేనే గుండె గుభేలుమంది. ఏమి చేయమంటావు?"

చెల్లీ, నీ ఓవెన్‌లో లోపం లేదు. నీ చేతిలోనూ లోపం లేదు. పిజ్జా క్రింద నీవు పెట్టిన పళ్ళెంలోనే లోపమంతా ఉంది. ఏమైనా కొనే ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు. నీకు కావలసిన వస్తువు బహుశా నీ వంటింట్లోనే, అటకమీదనో మూలనో ఉండి ఉంటుంది.

మన పెద్దలు కేకు ఎలా చేసేవారో జ్ఞాపకం ఉందా? పెద్ద దాకలో ఇసుక పోసి పొయ్యిమీద పెట్టేవారు. ఇసుక బాగా కాలిన తరువాతనే కేకు గిన్నె లోపల దించి, మూతపెట్టి, మూతమీద నిప్పులు పోసేవారు. ఇసుక కాలకముందే గిన్నె దించితే అమ్మ కేకలు వేసేది. "క్రింద వేడి లేనిదే పైన నిప్పులెందుకే?" అనేది. పిజ్జా సంగతి కూడా ఇంతే. పిండి వేసే సమయానికే దాని క్రింద ఉన్న వస్తువు భగభగమని కాలి ఉండాలి.

నేపుల్స్ పొయ్యి, మన ఓవెన్

పిజ్జాకు పుట్టినిల్లు ఇటలీ దేశంలోని నేపుల్స్ పట్టణం. అక్కడ పిజ్జా చేసే విద్యను 2017లో యునెస్కో సంస్థ మానవజాతి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. వారి పొయ్యి మన పాతకాలపు బేకరీ బట్టీ వంటిది. ఇటుక నేల, పైన గోపురం, లోపల ఒక ప్రక్కన మండే కట్టెలు. లోపలి వేడి 400 డిగ్రీలు దాటుతుంది. పిండిని తిన్నగా ఆ ఇటుకమీదికి జారవిడిస్తారు. 60 నుండి 90 సెకన్లలో పిజ్జా తయారు!

మన ఇళ్ళలోని చిన్న ఓవెన్ గట్టిగా తిప్పినా సాధారణంగా 250 డిగ్రీలు దాటదు. పైగా దానితో ఇచ్చే పళ్ళెం పలుచటి రేకు. చల్లటి పళ్ళెంలో పిండి పరచి లోపల పెడతాము. పైనున్న కడ్డీలు ఎర్రబడి చీజ్‌ను వెంటనే కరిగిస్తాయి. క్రిందివేడి ముందు పళ్ళేన్ని కాల్చి, ఆ తరువాత పిండిని కాల్చాలి. ఈలోపు టమాట రసం పిండిలోకి దిగిపోతుంది. పైన మాడు, క్రింద పచ్చి. చెల్లెలి ఇంట్లో జరిగింది ఇదే.

గడ్డపార, ఇటుక

ఎండాకాలం మధ్యాహ్నం వాకిట్లో ఒక గడ్డపార, ఒక ఇటుక ప్రక్కప్రక్కనే పడి ఉన్నాయనుకోండి. రెండిటిమీదా ఒకే ఎండ, రెండిటికీ ఇంచుమించు ఒకే వేడి. ఇటుకమీద పాదం మోపితే ఓర్చుకోగలం. గడ్డపారమీద మోపితే చురుక్కుమని ఎగిరి గంతేస్తాం. ఇనుము తనలోని వేడిని చప్పున ఇచ్చేస్తుంది. ఇటుక నెమ్మదిగా ఇస్తుంది. తేడా అంతా ఇక్కడే ఉంది.

2018లో ఆండ్రే వర్లమోవ్, ఆండ్రియాస్ గ్లాట్జ్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు, సెర్జియో గ్రాస్సో అనే ఆహార పరిశోధకునితో కలిసి ఈ సంగతిని లెక్కకట్టి వ్రాశారు. 330 డిగ్రీల ఇటుకమీద వేసిన పిజ్జా అడుగుకు తగిలే వేడి సుమారు 200 డిగ్రీలు. అదే 330 డిగ్రీల ఇనుముమీద వేస్తే సుమారు 300 డిగ్రీలు తగిలి అడుగు బొగ్గవుతుంది. ఇనుమును 230 డిగ్రీల దగ్గర ఉంచితే, ఇటుక 330 దగ్గర చేసే పనిని అది చేస్తుంది. 230 డిగ్రీలంటే మన ఇంటి ఓవెన్‌కు అందే వేడే కదా! కనుక పెద్ద బట్టీలో ఇటుక మేలు. చిన్న ఓవెన్‌లో ఇనుము మేలు.

ఒక్కొక్కటి చూద్దాము

ఓవెన్‌తో వచ్చిన పళ్ళెం: ఇది బిస్కట్లకు, కేకులకు బాగుంటుంది. పలుచటి పిజ్జాకు పనికిరాదు. సత్తు పళ్ళెం వేడిని ఇనుము కంటే వేగంగానే నడిపిస్తుంది. కానీ పలుచటి రేకు కనుక నిలవ ఉంచుకున్న వేడి కొంచెమే. తడిపిండి పడగానే చల్లబడిపోతుంది. భోజనాల స్టీలు పళ్ళెం బోర్లించినా ఇంతే. అయితే ఈ పళ్ళేన్ని పూర్తిగా త్రోసివేయనక్కరలేదు. దానికి తగిన పిజ్జా వేరే ఉంది. అమెరికాలోని డెట్రాయిట్ పట్టణంలో 1946 నుండి అంచు ఎత్తుగా ఉన్న ఇనుప పళ్ళేల్లో మందపాటి పిజ్జా చేస్తున్నారు. ఆ పళ్ళేలు మొదట మోటారుకార్ల కర్మాగారాల్లో చిన్న సామాను వేసుకునేవని చెబుతారు. మీరు కూడా పళ్ళేనికి రెండు చెంచాల నూనె రాసి, పిండిని మందంగా పరచి, అందులోనే మరోసారి పొంగనిచ్చి, క్రింది అరలో 20 నిమిషాలు కాల్చండి. నూనెలో వేగి అడుగు కరకరలాడుతుంది.

పిజ్జా రాయి: బజారులో దొరికేది ఎక్కువగా కార్డియరైట్ అనే పింగాణీ జాతి పలక. మంచిదే. వేడిని పట్టి ఉంచుతుంది, పిండిలోని తేమను కొంత పీలుస్తుంది. కానీ కాలడానికి చాలాసేపు పడుతుంది. ఒక పిజ్జా తీశాక తిరిగి వేడెక్కడానికీ సమయం కావాలి. చల్లటి ఓవెన్‌లోనే పెట్టి దానితోపాటు కాలనివ్వాలి. కాలిన రాయిమీద నీళ్ళు పడితే పగులుతుంది. సబ్బుతో కడగరాదు, ఆ వాసన పీల్చుకుంటుంది. పొడిగా గీకి తుడుచుకోవాలి.

ఇనుప పలక: అమెరికాలో ఇప్పుడు చాలామంది ఇంటి వంటగాళ్ళు రాయి మాని దీనిని వాడుతున్నారు. ఒకే మందం రాయితో పోల్చితే సుమారు రెండింతల వేడిని నిలవ ఉంచుకుంటుంది. ఆ వేడిని రాయికంటే పది రెట్లకు పైగా వేగంగా నడిపిస్తుంది. పగిలే భయం లేదు. పేరున్న కంపెనీ పలక కొననక్కరలేదు. వెల్డింగు షాపులో 6 మిల్లీమీటర్ల మందం ఇనుప ప్లేటు కిలోల లెక్కన కోసి ఇస్తారు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్క సుమారు నాలుగున్నర కిలోలు తూగుతుంది. మీ ఓవెన్ లోపలి కమ్మీల అర ఆ బరువు మోస్తుందో లేదో ముందే చూసుకోండి. నాలుగు ప్రక్కలా అంగుళం చొప్పున ఖాళీ ఉండేలా కొలిచి కోయించండి. వేడిగాలి తిరగాలి కదా. అంచులు ఆకురాయి వేయించండి, లేకుంటే చేతులు కోసుకుంటాయి. కొత్త ప్లేటుమీద నూనె జిడ్డు, నల్లటి పొర ఉంటాయి. వెనిగర్‌లో ఒక రాత్రి నానబెట్టి, బాగా తోమి, కడిగి, వెంటనే ఆరబెట్టి, పలుచగా వంటనూనె రాసి కాల్చాలి. మెరిసే జింకు పూత రేకు మాత్రం వద్దు. ఆ పూత ఇంత వేడిలో ఆహారం క్రింద ఉండదగినది కాదు.

అట్ల పెనం: ఇదే నేను చెప్పదలచిన అసలు వస్తువు. మన పాత బరువైన పోత ఇనుప పెనం, గట్లు లేని చదునైనది, ఇనుప పలకకు సొంత అక్క. వేడి నడిచే తీరు ఇంచుమించు ఒకటే. మందం కొంచెం తక్కువైతే నిలవ వేడి కొంచెం తగ్గుతుంది, అంతే. ఎన్నో ఏండ్లుగా అట్లు పోసి నూనె పట్టి నల్లగా నిగనిగలాడే పెనమైతే మరీ మంచిది, పిండి అంటుకోదు. పొడవాటి కాడ ఉంటే ఓవెన్ తలుపు పడదు కనుక ముందు కొలుచుకోండి. చెక్కపిడి, ప్లాస్టిక్ పిడి ఉన్నవి లోపల పెట్టరాదు. నాన్‌స్టిక్ పెనం అసలే వద్దు. ఆ పూత 260 డిగ్రీలు దాటితే చెడి పొగలు వదలడం మొదలుపెడుతుంది. ఖాళీగా అరగంట కాల్చే ఈ పనికి అది తగదు.

నేను చేసిన పొరపాటు

ఈ సంగతులన్నీ నేను పుట్టగానే నేర్చుకోలేదు. మా అత్తగారు వాడిన పెనం ఒకటి మా ఇంట్లో ఉండేది. చేతితో ఎత్తాలంటే మణికట్టు నొప్పిపుట్టేంత బరువు. తేలికపాటి నాన్‌స్టిక్ పెనం వచ్చాక, పాత ఇనుప సామాను కొనేవాడు వీధిలో కేకవేస్తే ఆ పెనం ఇచ్చి నాలుగు స్టీలు గిన్నెలు పుచ్చుకున్నాను. మా అత్తగారు చూసి ఏమీ అనలేదు. ఆ మాట అనకపోవడమే ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

కొన్నేళ్ళకు ఓవెన్ వచ్చింది. పిజ్జాకు రాయి కావాలని విన్నాను. కొనడమెందుకు, వంటింటి అరలకు వేయించిన కడప బండ ముక్క పెరట్లో పడి ఉంది కదా అనుకున్నాను. శుభ్రంగా కడిగి, తుడిచి, ఓవెన్‌లో పెట్టి 250కి తిప్పాను. మా మనవరాలు ఓవెన్ అద్దానికి ముక్కు ఆనించి "నానమ్మా, ఇంకా ఎంతసేపు?" అని అడుగుతూ నిలబడింది. వాళ్ళ అమ్మ స్నానానికి పిలిస్తే వెళ్ళింది. అయిదు నిమిషాలు కాలేదు, లోపల ఢామ్మని పేలింది. బండ పొరలు విడిపోయి, ఒక ముక్క ఎగిరి తలుపు అద్దాన్ని బీటలు వార్చింది. ఆ అద్దం దగ్గర అయిదు నిమిషాల క్రితం ఎవరి ముఖం ఉందో తలచుకుని నేను అక్కడే నేలమీద కూలబడ్డాను.

కారణం తరువాత తెలిసింది. కడప బండ పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాయి. ఆ పొరల మధ్య తేమ చేరుతుంది. నేను కడిగి మరికొంత తేమ ఎక్కించాను. వేడికి ఆ నీరు ఆవిరై, బయటికి దారిలేక, బండను చీల్చుకుని వచ్చింది. కనుక తల్లులారా, కడప బండ, తాండూరు బండ, గ్రానైటు ముక్క, నేలకు వేసే టైల్స్, ఏటి ఒడ్డు రాళ్ళు, ఇవేవీ ఓవెన్‌లో పెట్టకండి. గ్రానైటుకు, టైల్స్‌కు పైన పూసిన మెరుగు దేనితో చేసినదో మనకు తెలియదు. ఆహారం క్రింద ఉంచడానికి చేసిన వస్తువునే ఉంచాలి. పిల్లలను ఓవెన్ అద్దానికి దూరంగా నిలబెట్టండి.

ఆ తరువాత సంతలో వెదకి ఒక పోత ఇనుప పెనం కొన్నాను. మా అత్తగారి పెనం అంత బరువు లేదు. అయినా ఇప్పటికి ఏడెనిమిదేండ్లుగా అట్లూ పిజ్జాలూ దానిమీదే.

కరెంటు సంగతి

చాలామంది ఓవెన్ దీపం ఆరగానే పిజ్జా లోపల పెడతారు. ఆ దీపం చెప్పేది ఓవెన్ వేడెక్కిందని మాత్రమే, పెనం కాలిందని కాదు. దీపం ఆరిన తరువాత పెనానికి ఇంకా 20 నిమిషాలు, 6 మిల్లీమీటర్ల పలకకు అరగంట, రాయికి 45 నిమిషాలు ఇవ్వండి.

పల్లెల్లో సాయంత్రం పూట వోల్టేజి పడిపోవడం మనకు తెలిసిందే. 230 ఉండవలసినది 180కి పడితే, ఓవెన్ కడ్డీల వేడి అయిదో వంతు తగ్గదు. సుమారు 40 పాళ్ళు తగ్గి, నూటికి 61 పాళ్ళే మిగులుతుంది. అందుకని పిజ్జాను మధ్యాహ్నం చేసుకోండి, లేదా ఇంకొంతసేపు కాలనివ్వండి. 1500 వాట్ల ఓవెన్ ఆగకుండా 45 నిమిషాలు నడిస్తే ఒక యూనిట్ కంటే కొంచెం ఎక్కువ కాలుతుంది. కనుక ఒక్క పిజ్జా కోసం కాల్చకండి. నాలుగు చేయండి, ప్రక్కింటివారికీ ఒకటి పంపండి. ఇంకొక మాట. ఇది ఫ్యాను ప్లగ్గుకు తగిలించే వస్తువు కాదు. ఎర్తు ఉన్న 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి.

పెనంమీద పిజ్జా

కావలసినవి (9 అంగుళాల పిజ్జాలు రెండు): మైదా పావు కిలో, నీళ్ళు 160 మిల్లీలీటర్లు, ఉప్పు ఒక చిన్న చెంచా, ఇన్‌స్టంట్ ఈస్టు అర చెంచా, పంచదార అర చెంచా, నూనె ఒక చెంచా. పైకి టమాటాలు నాలుగు, వెల్లుల్లి రెబ్బలు మూడు, చీజ్ 150 గ్రాములు, ఉల్లిపాయ, బెంగుళూరు మిరపకాయ.

చేయు విధానము: పిండి, ఈస్టు, పంచదార, ఉప్పు కలిపి నీళ్ళు పోసి తడపండి. నూనె వేసి పది నిమిషాలు బాగా మర్దించండి. చపాతీ పిండి కంటే మెత్తగా, చేతికి కొంచెం అంటుతూ ఉండాలి. మూతపెట్టి రెండింతలు పొంగేదాకా ఉంచండి. మన ఎండాకాలంలో గంట చాలు, చలికాలంలో రెండు గంటలు. టమాటాలు తరిగి వెల్లుల్లితో ఉడికించి నీరంతా ఇగరబెట్టండి. ఉల్లి, మిరప ముక్కలను ముందుగా వేయించి నీరు పోగొట్టండి. పైన ఎంత నీరుంటే క్రింద అంత పచ్చి.

పెనాన్ని ఓవెన్ మధ్య అరలో పెట్టి, పైకడ్డీ క్రిందికడ్డీ రెండూ వేసి, 250 డిగ్రీలకు తిప్పండి. పిండిని కర్రతో వత్తకుండా చేతివేళ్ళతో పరచండి, లోపలి గాలి పోరాదు. ఒక పలుచటి అట్టముక్కమీద బొంబాయి రవ్వ చల్లి, దానిమీద పిండి పరచి, కొంచెమే టమాటా ముద్ద, కూరముక్కలు, చీజ్ వేయండి. అట్టను ఒకసారి అటూ ఇటూ కదిపి చూడండి. పిజ్జా జారుతుంటే సరే. జారకుంటే అంచు ఎత్తి ఇంకాస్త రవ్వ చల్లండి. ఓవెన్ తెరచి ఒక్క ఊపుతో పెనంమీదికి జారవిడిచి తలుపు మూయండి. ఏడు నుండి తొమ్మిది నిమిషాలలో అడుగున పుల్కా మీద ఉన్నట్టు గోధుమరంగు మచ్చలు పడతాయి. రెండవది వేసే ముందు పెనానికి పది నిమిషాల వ్యవధి ఇవ్వండి.

మందపాటి గుడ్డ చేతికి చుట్టుకోవడం మరువకండి. కాలిన పెనానికీ చల్లటి పెనానికీ చూపులో తేడా ఉండదు.

ఓవెన్ లేనివారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. అదే పెనాన్ని గ్యాసు పొయ్యిమీద బాగా కాల్చండి. నీటి చుక్క వేస్తే ముత్యంలా దొర్లిపోవాలి. పరచిన పిండిని వేసి, మచ్చలు పడగానే తిరగవేసి, మంట తగ్గించండి. కాలిన వైపున టమాటా, కూర, చీజ్ పెట్టి, బరువైన మూతపెట్టి నాలుగైదు నిమిషాలు ఉంచండి. ఓవెన్ పిజ్జా అంత రంగు రాదు గానీ, అడుగు పచ్చిగా మాత్రం ఉండదు.

కాబట్టి చెల్లీ, రాయి కొనే డబ్బు దాచుకో. ముందు అటకెక్కి మీ అత్తగారి పెనం దించు. తుప్పు పట్టి ఉంటే ఇటుక పొడితో తోమి, ఆరబెట్టి, నూనె రాసి రెండుసార్లు కాల్చు, మళ్ళీ లేచి వస్తుంది. అటకమీద లేకపోతే ఇంట్లో పెద్దవారిని అడుగు. ఇంకా ఎవరికీ అమ్మివేయకుండా ఉంటే, ఇకమీదట అమ్మవద్దు. మనవలు మళ్ళీ వచ్చి అడుగు కూడా మిగల్చకుండా తిన్నారో లేదో నాకు ఉత్తరం వ్రాయి.

వచ్చే నెల మరొక ముచ్చటతో కలుసుకుందాము.

మీ అక్క